సీజర్ మిల్‌స్టీన్: సొంతం చేసుకోని ఆవిష్కరణ, అందరికీ అందిన పనిముట్టు

1975 ఆగస్టు 7న ‘నేచర్’ పత్రికలో మూడు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. రాసినవారు ఇద్దరు: కేంబ్రిడ్జ్‌లో స్థిరపడిన అర్జెంటీనా జీవరసాయన శాస్త్రవేత్త సీజర్ మిల్‌స్టీన్, ఆయన దగ్గర పనిచేయడానికి వచ్చిన జర్మన్ యువకుడు జార్జ్ కోలర్. కోరుకున్న యాంటీబాడీని, ఒకే రకంగా, ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లయినా తయారుచేసే కణాలను పెంచడం సాధ్యమేనని ఆ వ్యాసం చూపించింది. దీనివల్ల వైద్యానికి, పరిశ్రమకు ఉపయోగం ఉండవచ్చునని చివర్లో ఒక్క వాక్యం మాత్రం రాశారు.

ఇవాళ క్యాన్సర్, కీళ్లవాతం, సోరియాసిస్ వంటి జబ్బులకు వాడుతున్న ఖరీదైన మందుల్లో ఒక పెద్ద తరగతి ఆ మూడు పేజీల నుంచే పుట్టింది. ఈ సంగతి చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది మరొకటి ఉంది. మన శరీరంలో ఒక కణం మరో కణాన్ని ఎలా పట్టుకుంటుంది, రక్తంలో కొట్టుకుపోతున్న తెల్ల రక్తకణం సరిగ్గా గాయం దగ్గర ఎలా ఆగుతుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికింది కూడా ఆ పనిముట్టుతోనే. దానికి పేటెంటు లేదు. అడిగిన ప్రయోగశాలకల్లా మిల్‌స్టీన్ కణాలను పంపారు. అలా ఎందుకు జరిగింది, దానివల్ల ఎవరికి ఏం దక్కింది అన్నది యాభై ఏళ్ల తర్వాత కూడా చర్చకు నిలిచే విషయమే.

బహియా బ్లాంకా నుంచి కేంబ్రిడ్జ్ దాకా

మిల్‌స్టీన్ 1927 అక్టోబరు 8న అర్జెంటీనాలోని బహియా బ్లాంకా అనే రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి లాజరో ఉక్రెయిన్ ప్రాంతం నుంచి చిన్నవయసులోనే వలస వచ్చిన యూదుడు. తల్లి మాక్సిమా బడిపంతులమ్మ. ముగ్గురు కొడుకుల్లో సీజర్ రెండోవాడు. పెద్దగా ఆస్తిపాస్తులు లేని ఇల్లది. అయినా పిల్లలు ముగ్గురూ విశ్వవిద్యాలయం దాకా చదవాల్సిందేనన్నది తల్లిదండ్రుల పట్టుదల. సూక్ష్మజీవుల పరిశోధకుల జీవితాల గురించి పాల్ డి క్రైఫ్ రాసిన పుస్తకం కుర్రవాడిగా ఉన్నప్పుడే ఆయన్ను సైన్సు వైపు లాగింది.

బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో ఆయన మెరిట్ విద్యార్థేమీ కాదు. విద్యార్థి సంఘంలో మాత్రం చురుగ్గా ఉండేవారు. 1952లో డిగ్రీ పూర్తయ్యింది. మరుసటి ఏడాది తోటి విద్యార్థిని సీలియాను పెళ్లి చేసుకుని, ఇద్దరూ దాదాపు ఏడాదిపాటు దారిన పోయే వాహనాలెక్కుతూ ఐరోపా అంతా తిరిగారు. తిరిగొచ్చాక ఎంజైములపై డాక్టరేటు పరిశోధన మొదలుపెట్టారు. స్కాలర్‌షిప్ లేకపోవడంతో, రక్తపరీక్షల ల్యాబులో సగం పూట పనిచేసి ఇల్లు గడుపుకున్నారు.

1958లో బ్రిటిష్ కౌన్సిల్ ఫెలోషిప్ మీద కేంబ్రిడ్జ్ వెళ్లడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. ప్రొటీన్లలో అమైనో ఆమ్లాల వరసను కనుక్కునే పద్ధతి చూపి అదే ఏడాది నోబెల్ అందుకున్న ఫ్రెడరిక్ సాంగర్‌తో అక్కడే పరిచయమైంది. కేంబ్రిడ్జ్‌లో రెండో డాక్టరేటు తీసుకుని 1961లో స్వదేశం వెళ్లారు. బ్యూనస్ ఎయిర్స్‌లోని జాతీయ సూక్ష్మజీవశాస్త్ర సంస్థలో కొత్తగా ఏర్పాటైన మాలిక్యులర్ బయాలజీ విభాగం బాధ్యత ఆయనకు అప్పగించారు.

అది నిండా రెండేళ్లు కూడా సాగలేదు. 1962 మార్చిలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. ఉదారవాద మేధావులపై వేట మొదలైంది. సంస్థ డైరెక్టర్ ఇగ్నాసియో పిరోస్కీని తొలగించారు, మిల్‌స్టీన్ విభాగంలోని వారినీ వదలలేదు. నిరసనగా ఆయన రాజీనామా చేసి 1963లో కేంబ్రిడ్జ్‌కు తిరిగి వచ్చేశారు. ఈసారి చేరింది బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కొత్తగా కట్టిన మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలో, సాంగర్ విభాగంలో. సైన్యం తరిమేసిన ఒక శాస్త్రవేత్త పని ఇరవై ఏళ్ల తర్వాత బ్రిటన్ ఖాతాలో నోబెల్‌గా నమోదైంది.

కలగూరగంప సమస్య

ఎంజైములు వదిలి యాంటీబాడీల మీద పనిచేయమని సలహా ఇచ్చింది సాంగరే. ఆ రోజుల్లో జీవశాస్త్రంలోని పెద్ద చిక్కుముళ్లలో అదొకటి. శరీరంలోకి ఏ కొత్త పదార్థం చొరబడినా, దానికి సరిగ్గా అతికే యాంటీబాడీ తయారవుతుంది. ఇన్ని లక్షల రకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? 1966లోనే సిడ్నీ బ్రెన్నర్‌తో కలిసి మిల్‌స్టీన్ ఒక ఊహ ప్రతిపాదించారు. యాంటీబాడీ జన్యువుల్లో శరీరమే కావాలని తప్పులు పుట్టిస్తూ, ఆ తప్పుల ద్వారా వైవిధ్యాన్ని సంపాదిస్తోందన్నది దాని సారాంశం. జీవితాంతం ఆయన్ను వెంటాడిన ప్రశ్న అదే. మందులు తయారుచేయాలన్నది ఆయన ఉద్దేశం కాదు.

అప్పటిదాకా ప్రయోగశాలలకు యాంటీబాడీలు కావాలంటే దారి ఒకటే. కుందేలుకో మేకకో ఒక పదార్థాన్ని ఎక్కించి, కొన్ని వారాల తర్వాత దాని రక్తం తీసి సీరం వేరుచేయాలి. ఆ సీరంలో ఒక యాంటీబాడీ ఉండదు, వందల రకాలుంటాయి. అదొక కలగూరగంప. ఒక్కో రకం ఒక్కో చోట అతుక్కుంటుంది. ఆ జంతువు చనిపోతే అదే సీరం మళ్లీ దొరకదు. హైదరాబాద్‌లో చేసిన ప్రయోగాన్ని బోస్టన్‌లో సరిగ్గా అలాగే మళ్లీ చేసి చూసే వీలుండదు.

కణాల ఉపరితలాన్ని చదవాలనుకునేవారికి ఇది మరీ ఇబ్బంది. ఒక్కో కణం పైపొర మీద వందలాది ప్రొటీన్లుంటాయి. వాటిలో పక్క కణాన్ని పట్టుకునేవి ఏవి? కుందేలు సీరంతోనే ఈ పని కొంతవరకు సాధించినవారు లేకపోలేదు. అమెరికాలో జెరాల్డ్ ఎడెల్‌మన్ బృందం 1970ల రెండో సగంలో నాడీకణాలను కలిపి ఉంచే ఒక అణువును ఆ దారిలోనే పట్టుకుంది. కానీ సీరంలోని మిగతా యాంటీబాడీల ప్రభావాన్ని ఒక్కొక్కటిగా తీసివేసుకుంటూ పోవడం విపరీతమైన శ్రమ.

రెండు కణాల కలయిక

యాంటీబాడీలను తయారుచేసే కణాలు ప్లీహంలో దండిగా ఉంటాయి. ఒక్కో కణం ఒక్క రకాన్నే తయారుచేస్తుంది. అయితే బయటికి తీసి గాజుపాత్రలో పెడితే అవి కొద్ది రోజులకే చనిపోతాయి. మైలోమా అనే క్యాన్సర్ కణాలు ఇందుకు విరుద్ధం. అవి ఎంతకాలమైనా పెరుగుతూనే ఉంటాయి, కానీ అవి తయారుచేసే యాంటీబాడీ దేనికి అతుకుతుందో ఎవరికీ తెలియదు. 1973లో మిల్‌స్టీన్, రిచర్డ్ కాటన్ కలిసి రెండు మైలోమా కణాలను ఒకటిగా కలిపి చూశారు. కలిసిన కణం రెండింటి యాంటీబాడీలనూ తయారుచేసింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆయన ఈ పని గురించి ప్రసంగించారు. అది విన్నవారిలో జార్జ్ కోలర్ ఒకరు. 1974లో ఆయన కేంబ్రిడ్జ్ వచ్చి చేరారు.

ఇద్దరూ కలిసి ఒక చిట్టెలుకకు గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించారు. దాని ప్లీహం నుంచి తీసిన కణాలను మైలోమా కణాలతో కలిపారు. వాడిన మైలోమా రకంలో ఒక ఎంజైము లోపం ఉంది. కొన్ని మందులు కలిపిన ద్రవంలో అది బతకలేదు. ప్లీహం కణాలు ఎలాగూ వాటంతటవే చచ్చిపోతాయి. రెండూ కలిసిన సంకర కణం ఒక్కటే మిగులుతుంది. ప్లీహం కణం నుంచి యాంటీబాడీ, మైలోమా నుంచి చావులేని పెరుగుదల దానికి సంక్రమిస్తాయి. తర్వాత ఈ సంకర కణాలకు హైబ్రిడోమా అని పేరు వచ్చింది.

కావాల్సిన యాంటీబాడీ తయారవుతోందా అని చూడటానికి, గొర్రె రక్తకణాలు పరిచిన పళ్లెంలో ఈ సంకర కణాలను ఉంచాలి. యాంటీబాడీ విడుదలైన చోట రక్తకణాలు పగిలి, ఎర్రటి పొరలో తేటగా గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. ఈ పరీక్షను రూపొందించింది నీల్స్ జెర్న్. 1984లో వీరిద్దరితో నోబెల్ పంచుకున్న మూడో వ్యక్తి ఆయనే. ఫలితం మీద పెద్దగా ఆశ లేని కోలర్, ఆ రాత్రి భార్యను తోడు తీసుకుని ల్యాబుకు వెళ్లారు. పళ్లేల నిండా మచ్చలు కనిపించాయి.

ఆ తర్వాత కథ సాఫీగా సాగలేదు. వ్యాసం అచ్చయ్యాక ప్రయోగం నెలల తరబడి మళ్లీ పనిచేయలేదు. అదృష్టం కొద్దీ ఒక్కసారి కుదిరిందా అన్న సందేహం కూడా వచ్చింది. చివరికి ఇటలీ నుంచి వచ్చిన జొవాన్ని గల్‌ఫ్రే కారణం పట్టుకున్నారు. వాడుతున్న ద్రావణాల్లో ఒకదాని బ్యాచ్ పాడై కణాలను చంపేస్తోంది. దాన్ని మార్చగానే ప్రయోగం మళ్లీ పనిచేసింది. కణాలను కలపడానికి వైరస్ బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడటం మొదలుపెట్టాక పద్ధతి ఇంకా తేలికైంది. ఎవరైనా నేర్చుకోగలిగే, ఎక్కడైనా చేయగలిగే పనిగా అది మారింది ఈ దశలోనే.

ఏం వెతుకుతున్నారో తెలియకుండానే

మిల్‌స్టీన్ అసలు గొప్పతనం కనిపించేది ఇక్కడే. యాంటీబాడీ కావాలంటే ముందుగా శుద్ధిచేసిన పదార్థం చేతిలో ఉండాలన్నది పాత ఆలోచన. ఆయన దాన్ని తిరగేశారు. మొత్తం కణాలనే జంతువుకు ఎక్కించాలి. వచ్చే సంకర కణాలను ఒక్కొక్కటిగా వేరుచేయాలి. ఒక్కోటి ఇచ్చే యాంటీబాడీ దేనికి అతుకుతోందో ఆ తర్వాత చూడాలి. కలగూరగంపలోని ప్రతి ఆకునూ విడివిడిగా పెంచుకోవడం లాంటిది ఇది. అప్పటిదాకా ఎవరికీ తెలియని అణువులు ఈ దారిలో వాటంతటవే బయటపడతాయి. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లోని అలన్ విలియమ్స్‌తో కలిసి ఎలుకల తెల్ల రక్తకణాల మీద ఇలాగే పనిచేశారు. తర్వాత సీడీ4గా ప్రపంచమంతా తెలిసిన అణువును గుర్తించే యాంటీబాడీ అందులో దొరికింది.

1976లో అమెరికా నుంచి టిమొతీ స్ప్రింగర్ అనే యువకుడు మిల్‌స్టీన్ దగ్గరకు వచ్చారు. చిట్టెలుకల కణాలను పెద్ద ఎలుకలకు ఎక్కించి, వాటి ప్లీహం కణాలతో హైబ్రిడోమాలు తయారుచేశారు. వాటిలో ఎం1/70 అని పేరుపెట్టిన ఒక యాంటీబాడీ, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల వంటి వాటికే అతుక్కుంది. అది గుర్తించిన అణువుకు 1979లో మ్యాక్-1 అని పేరుపెట్టారు. ఆ అణువు చేసే పనేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

హార్వర్డ్ వెళ్లాక స్ప్రింగర్ అదే పద్ధతిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు. యాంటీబాడీ దేనికి అతుకుతుందని మాత్రమే చూడకుండా, అతుక్కున్నప్పుడు కణం ఏ పని మానేస్తుందో చూశారు. వైరస్ సోకిన కణాలను, పరాయి కణాలను చంపే టి-కణాల దగ్గర ఒక యాంటీబాడీని ఉంచితే అవి చంపడం మానేశాయి. ఆ యాంటీబాడీ పట్టుకున్న అణువుకు 1981లో ఎల్‌ఎఫ్‌ఏ-1 అని పేరుపెట్టారు. లింఫోసైట్ల పనితో సంబంధం ఉన్నదని మాత్రమే ఆ పేరుకు అర్థం. చంపాలంటే ముందు పట్టుకోవాలి, ఆ పట్టు ఈ అణువుదేనని తర్వాత తేలింది. ఎల్‌ఎఫ్‌ఏ-1, మ్యాక్-1 రెండింటిలోనూ ఒక గొలుసు ఒకటేనని కూడా బయటపడింది. 1986లో అవతలి కణం మీద ఎల్‌ఎఫ్‌ఏ-1 పట్టుకునే కొక్కెం ఐక్యామ్-1 దొరికింది. అది కూడా యాంటీబాడీ సాయంతోనే.

ఇవన్నీ పరిశోధకుల పేర్ల పట్టికలా కనిపించవచ్చు. వీటి విలువ అర్థం కావాలంటే కొందరు పసిపిల్లల సంగతి తెలియాలి. పుట్టి వారాలు గడిచినా బొడ్డుతాడు ఊడదు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు సోకుతాయి. పుండ్లు మానవు, కానీ చీము పట్టదు. రక్తపరీక్ష చేస్తే తెల్ల రక్తకణాలు మామూలు కంటే ఎక్కువగానే కనిపిస్తాయి. డాక్టర్లకు ఇది పెద్ద పజిల్. ఆ పిల్లల కణాల మీద ఈ యాంటీబాడీలు వేసి చూస్తే అవి అతుక్కోలేదు. రెండు అణువులకూ ఉమ్మడిగా ఉండాల్సిన గొలుసు వారిలో లోపించింది. రక్తనాళం గోడను పట్టుకుని ఆగి బయటికి రావాల్సిన సైనికులు, పట్టు దొరక్క ప్రవాహంలోనే కొట్టుకుపోతున్నారు. ఒక జబ్బుకు కారణం, ఒక అణువు చేసే పని ఒకేసారి అర్థమయ్యాయి.

కణాలను అంటించే అణువుల అధ్యయనంలో యాంటీబాడీ మూడు పనులు చేస్తుంది. అణువు ఏ కణం మీద, ఎక్కడ ఉందో గుర్తుపెట్టి చూపిస్తుంది. కణాన్ని పగలగొట్టిన ద్రవంలోంచి ఆ ఒక్క అణువునే బయటికి లాగుతుంది. బతికున్న కణం మీద ఆ అణువును కప్పేసి, అది లేకపోతే ఏమవుతుందో తేల్చుతుంది. ఈ మూడో పని మరే పరికరంతోనూ అప్పట్లో అంత తేలిగ్గా సాధ్యం కాలేదు. జలుబు తెప్పించే రైనోవైరస్‌లలో అధికభాగం ఐక్యామ్-1ను పట్టుకునే కణంలోకి దూరుతున్నాయని 1989లో తేలింది కూడా ఈ అడ్డుకునే పద్ధతితోనే. ఫాల్సిపారం మలేరియా సోకిన ఎర్ర రక్తకణాలు రక్తనాళాల గోడలకు అతుక్కోవడానికి వాడుకునే అణువుల్లోనూ ఐక్యామ్-1 ఉంది. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఎం1/70 కణాల సంతతి ఇప్పటికీ బతికే ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఇమ్యునాలజీ ల్యాబుల ఫ్రిజ్‌లలో ఆ యాంటీబాడీ సీసాలు ఇవాళ్టికీ కనిపిస్తాయి.

పేటెంటు ఎవరిది?

వ్యాసం అచ్చుకు వెళ్లకముందే మిల్‌స్టీన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ అధికారులకు విషయం తెలియజేశారు. ఆవిష్కరణల పేటెంట్లు చూసే ప్రభుత్వ సంస్థకు వారు సమాచారం పంపారు. జవాబు రావడానికి ఏడాది దాటింది. తక్షణం ఉపయోగపడే మార్గాలేవీ కనిపించడం లేదన్నది ఆ జవాబు సారాంశం. అప్పటికే వ్యాసం లోకమంతా చదివేసింది కాబట్టి, బ్రిటన్ చట్టం ప్రకారం పేటెంటుకు అవకాశం కూడా పోయింది.

ఈలోగా అడిగినవారికల్లా మిల్‌స్టీన్ మైలోమా కణాలను పంపిస్తూనే ఉన్నారు. వాటితో చేసిన వాటికి పేటెంటు తీసుకోవద్దని మాత్రం కోరేవారు. అలా కణాలు అందుకున్నవారిలో అమెరికాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హిలరీ కొప్రొవ్‌స్కీ బృందం ఉంది. వైరస్‌లకు, కణితులకు వ్యతిరేకంగా చేసిన మోనోక్లోనల్ యాంటీబాడీల మీద ఆ బృందానికి 1979లో, 1980లో అమెరికా పేటెంట్లు దక్కాయి. బ్రిటన్‌లో దుమారం రేగింది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వానికి ఇది దేశ సంపద చేజారిన ఉదంతంగా కనిపించింది. 1980లో ప్రభుత్వం సెల్‌టెక్ అనే కంపెనీ ఏర్పాటుకు సాయపడి, కౌన్సిల్ ఆవిష్కరణలపై దానికి మొదటి హక్కు ఇచ్చింది.

ఈ వ్యవహారంలో మిల్‌స్టీన్‌ను లోకజ్ఞానం లేని అమాయక శాస్త్రవేత్తగా చూపించడం తప్పు. పై అధికారులకు ఆయన సకాలంలోనే చెప్పారు. నిర్లక్ష్యం చేసింది వ్యవస్థ. పేటెంటు దక్కి ఉంటే ఏం జరిగేదన్నది రెండు వైపులా ఆలోచించాల్సిన ప్రశ్న. ప్రజల డబ్బుతో నడిచే ల్యాబుకు పెద్ద ఆదాయం వచ్చేది. అదే ప్రయోగశాలలో గ్రెగ్ వింటర్ 1980ల్లో మొదలుపెట్టిన, మనిషి శరీరానికి సరిపడేలా యాంటీబాడీలను మార్చే పద్ధతులకు కౌన్సిల్ పేటెంట్లు తీసుకుంది, దానివల్ల భారీగా రాబడి కూడా వచ్చింది. మరోవైపు, మొదటి పదేళ్లలో కణాలు అంత స్వేచ్ఛగా చేతులు మారకపోయి ఉంటే, స్ప్రింగర్ వంటి యువకులు ఏ ఉపయోగం ఉంటుందో తెలియని అణువుల కోసం వందల యాంటీబాడీలు తయారుచేసి చూసేవారా అన్నది అనుమానమే. లైసెన్సు రుసుము కట్టాల్సి వస్తే మ్యాక్-1 లాంటి, పనేమిటో తెలియని అణువు వెంట ఎవరు పడతారు?

మందుల దాకా, మన దాకా

కణాల పట్టును విడిపించే యాంటీబాడీలు తర్వాత మందులయ్యాయి. సోరియాసిస్ కోసం ఎల్‌ఎఫ్‌ఏ-1ను అడ్డుకునే ఎఫాలిజుమాబ్‌కు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెదడుకు సోకే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ కొందరిలో బయటపడటంతో 2009లో దాన్ని ఉపసంహరించారు. తెల్ల రక్తకణాల కాపలాను ఆపితే ఏమవుతుందో చూపిన కఠినమైన పాఠమది. పేగుల రక్తనాళాల దగ్గర మాత్రమే పట్టును అడ్డుకునే వెడోలిజుమాబ్ 2014లో వచ్చింది. స్ప్రింగర్ స్థాపించిన కంపెనీలో దాని పని మొదలైంది. ఈ అణువుల మీద చేసిన పనికే స్ప్రింగర్ మరో ఇద్దరితో కలిసి 2022లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు.

ఈ గొలుసు భారతదేశాన్నీ తాకింది. బ్లడ్ క్యాన్సర్లలో వాడే రిటుక్సిమాబ్‌కు ప్రత్యామ్నాయాన్ని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది. క్యూబాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో పుట్టిన ఇటోలిజుమాబ్‌ను బెంగళూరు కంపెనీ బయోకాన్ అభివృద్ధి చేయగా, 2013లో సోరియాసిస్‌కు ఇక్కడ అనుమతి దక్కింది. టి-కణాల మీది సీడీ6 అనే అణువుకు అది అతుకుతుంది. ఆ సీడీ6 పట్టుకునేది అవతలి కణం మీది ఒక అంటుకునే అణువునే. ఒక లాటిన్ అమెరికా దేశంలో సైనిక పాలన తరిమిన శాస్త్రవేత్త పద్ధతి, మరో లాటిన్ అమెరికా దేశపు ప్రభుత్వ ల్యాబు మీదుగా మన దేశపు రోగులకు చేరింది. అయినా ఈ తరహా మందుల ధర ఇప్పటికీ మధ్యతరగతి కుటుంబానికి కూడా మోయలేని భారమే. మూల పద్ధతికి పేటెంటు లేకపోవడం ఒక్కటే మందును చౌక చేయదని ఇది గుర్తుచేస్తుంది.

నోబెల్ వచ్చాక కూడా మిల్‌స్టీన్ ఏ కంపెనీ అధిపతీ కాలేదు. యాంటీబాడీ జన్యువుల్లో తప్పులు ఎలా పుడతాయన్న 1966 నాటి ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్లారు. 1995లో ఉద్యోగ విరమణ చేసినా ల్యాబుకు రావడం మానలేదు. అదే ఏడాది మార్చిలో కోలర్ 48 ఏళ్లకే గుండె ఆగి చనిపోయారు. గుండె జబ్బుతోనే 2002 మార్చి 24న కేంబ్రిడ్జ్‌లో మిల్‌స్టీన్ కన్నుమూశారు. యాంటీబాడీ జన్యువుల్లో శరీరం కావాలనే మార్పులు చేసుకుంటుందన్నది అప్పటికే తిరుగులేని విషయం. ఆ మార్పులకు తెరతీసే ఎంజైము కూడా అప్పటికి కొన్నేళ్ల ముందే జపాన్‌లో దొరికింది.

శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చేవారు ఇవాళ ముందుగా అడిగేది దీనివల్ల ఏం వస్తుందని. 1974లో మిల్‌స్టీన్‌ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, యాంటీబాడీల వైవిధ్యం గురించి తప్ప ఆయన దగ్గర మరో జవాబు ఉండేది కాదు. ప్రభుత్వ సొమ్ముతో, తొందర లేకుండా, ఫలితాన్ని తాళం వేసుకోకుండా చేసిన పని అది. దాని పునాది మీద లేచిన పరిశ్రమకు ఆ మూడు షరతుల్లో ఏ ఒక్కటీ ఇప్పుడు గిట్టుబాటు కాదు.